అమ్మ నీళ్లు తాగిన చోట్లు

ప్రయాణం ఉందంటే ముందు రోజు సాయంత్రం నుంచే అమ్మ నీళ్లు తాగడం తగ్గిస్తుంది. డెబ్బై రెండేళ్ల వయసు, పైగా చక్కెర వ్యాధి. గంటకోసారి మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని భయం. స్టేషన్లలో, బస్టాండ్లలో ఆ కంపు భరించడం కంటే దాహానికి ఓర్చుకోవడమే తేలిక అంటుంది. ఈ సంక్రాంతి వెళ్లాక నేనూ అక్కా కలిసి అమ్మను నాలుగు రోజులు గోదావరి డెల్టా తిప్పి తీసుకొచ్చాం. గుళ్లు, రేవులు, కొబ్బరి తోటలు అన్నీ చూశాం. కానీ ఏ చోటు బాగుందో, ఏది బాగాలేదో నేను తేల్చుకున్నది మాత్రం అక్కడ అమ్మ గ్లాసుడు నీళ్లు ధైర్యంగా తాగిందా లేదా అన్నదాన్ని బట్టే.

తెల్లవారుజామున రాజమహేంద్రవరంలో రైలు దిగాం. అక్క పన్నెండేళ్లుగా న్యూయార్క్‌లో ఉంటోంది, రోజూ అక్కడి భూగర్భ రైలు సబ్‌వేలోనే ఆఫీసుకు వెళ్తుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి గోదావరి వైపు నుంచి వస్తున్న చల్లగాలి పీల్చి, "మన స్టేషన్లకు నెత్తిమీద ఆకాశం ఉంది, అదే పెద్ద అదృష్టం" అంది. ఆమె మాటలో విషయం ఉంది. న్యూయార్క్ సబ్‌వే 1904లో మొదలైంది. 472 స్టేషన్లలో ఎక్కువ భాగం నేల కిందే ఉన్నాయి. సొరంగంలో రైలు వస్తుంటే ముందున్న గాలినంతా తోసుకుంటూ వస్తుంది. ఎక్కడో మూలనున్న మురుగు వాసన కూడా ఆ గాలితోపాటు ప్లాట్‌ఫారం అంతా పరుచుకుంటుంది. అడుగున ఊట నీరు సరేసరి. వాన లేని రోజున కూడా సుమారు 1.3 కోట్ల గ్యాలన్ల నీటిని పంపులతో తోడి పోస్తుంటారట. 2020లో కరోనా వచ్చినప్పుడు అక్కడి స్టేషన్లలో మరుగుదొడ్లు మూసేశారు. 2023 నుంచి మళ్లీ ఒక్కొక్కటీ తెరుస్తూ వచ్చారు. "మరుగుదొడ్డికి తాళం వేస్తే మనిషి అవసరం ఆగదు కదా, అది గోడ మూలకు చేరుతుంది" అంది అక్క. ఈ మాట రెండో రోజున మళ్లీ గుర్తొచ్చింది.

మన రైల్వే స్టేషన్లలో కంపు నా చిన్నతనంతో పోలిస్తే బాగా తగ్గింది. అప్పట్లో బోగీ మరుగుదొడ్డిలోంచి మలం నేరుగా పట్టాల మీదే పడేది. ఆగిన రైలు కదిలాక ప్లాట్‌ఫారం అంచున నిలబడలేకపోయేవాళ్లం. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోతో కలిసి రైల్వే తయారుచేసిన బయో టాయిలెట్లు వచ్చాక ఆ మలాన్ని బోగీ కింది ట్యాంకులోనే సూక్ష్మజీవులు కరిగించేస్తున్నాయి. రైలు ప్రయాణాన్ని ఇంతగా మార్చిన పని ఈ మధ్యకాలంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

ఆ రోజు గోదావరి గట్టుకు దగ్గరలో ఒక లాడ్జిలో దిగాం. గది విశాలం, దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లు పుష్కలం, కిటికీలోంచి నది. కానీ బాత్రూము తలుపు తీయగానే గుప్పుమని మురుగు వాసన. అమ్మ చేతిలోని సీసా మూత బిగించేసింది. కుర్రాడిని పిలిస్తే మల్లెపూల వాసన వచ్చే స్ప్రే పట్టుకొచ్చి కొట్టాడు. రెండు వాసనలూ కలిసి ఇంకా కడుపులో తిప్పింది. లండన్ భూగర్భ రైల్వేలో 2001లో ఇలాగే కొన్ని స్టేషన్లలో పరిమళం చల్లి చూశారని, జనానికి వికారం పుట్టిందని ఒక్క రోజులోనే మానేశారని అక్క చెప్పింది.

నాకు అనుమానం వచ్చి, నేల మీది జాలీ మూత తీసి చూశాను. నహానీ ట్రాపులో చుక్క నీరు లేదు. ఆ గొట్టం వంపులో ఎప్పుడూ కాస్త నీరు నిలిచి ఉండాలి, ఆ నీరే కింది మురుగు గాలికి అడ్డుగోడ. గది పది రోజులు ఖాళీగా ఉంటే ఆ నీరు ఆరిపోతుంది, డ్రైనేజీ గాలి తిన్నగా గదిలోకి వస్తుంది. బకెట్టు నీళ్లు పోశాను. కిటికీ తీసి పెడితే అరగంటలో వాసన పోయింది. లాడ్జివాళ్ల తప్పు చిన్నదే, కానీ గదులు చూసుకునేవాళ్లకు ఈ చిన్న సంగతి ఎవరో ఒకరు నేర్పి ఉండాల్సింది. మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. మీరూ ఎక్కడ దిగినా సామాను దించక ముందే ఒక బకెట్టు నీళ్లు జాలీలో పోయండి.

మర్నాడు ఆటో మాట్లాడుకుని ధవళేశ్వరం వెళ్లాం. ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. ఈ పచ్చదనమంతా అప్పటినుంచే. బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం దారి పట్టాం. లొల్ల లాకుల దగ్గర కాలువ నిండుగా ఉంది. ఆత్రేయపురంలో ఒక ఇంటి అరుగు మీద పూతరేకులు పోస్తున్నారు. బోర్లించిన కుండ కాలుతుంటే, తడిగుడ్డతో పల్చటి పిండి పూత అలా తగలగానే ఆవిరి లేచి రేకు పైకి వస్తుంది. ఆ కమ్మని వాసన, పక్కన కరుగుతున్న నెయ్యి వాసన కలిసి అమ్మను అక్కడే అరగంట కూర్చోబెట్టాయి. ఆ ఇంటావిడ అడగకుండానే, "లోపలికి వెళ్లి వస్తారా అమ్మా?" అంది. పెద్దవాళ్లు ప్రయాణంలో ఉన్నారంటే అడగాల్సిన మాట అదే. అమ్మ అక్కడ రెండు గ్లాసుల నీళ్లు తాగింది.

అక్కడినుంచి కోనసీమ లోపలికి. మధ్య డెల్టాలోని ఒక పట్టణం బస్టాండులో బస్సు మారాలి, ముప్పావుగంట ఆగాలి. ప్రహరీ గోడ పొడవునా మగవాళ్లు నిలబడుతున్నారు, గోడ మీద దేవుళ్ల బొమ్మల పలకలు అతికించినా సరే. ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం. తాళంచెవి ఎదురుగా సోడా బండి అతని దగ్గర ఉందన్నారు. అతను భోజనానికి వెళ్లాడు. అమ్మ బెంచీ మీద కాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆ ముఖం చూస్తే నాకు కన్నీళ్లు ఆగలేదు. పక్కనే డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి చెప్పింది, కాలేజీకి వచ్చే రోజుల్లో పొద్దున్న ఏడింటి నుంచి సాయంత్రం దాకా తాను గుక్కెడు నీళ్లు కూడా తాగనని. డెబ్బై ఏళ్ల మనిషీ ఇరవై ఏళ్ల పిల్లా ఒకే రకంగా దాహం చంపుకుంటున్నారు.

తాళం తీశాక చూస్తే లోపల నీళ్లు లేవు. బ్లీచింగ్ పౌడరు మాత్రం తెల్లగా చల్లి ఉంది, కళ్లు మండిపోయాయి. తాజా మూత్రానికి నిజానికి అంత వాసన ఉండదు. నిలవ ఉన్నకొద్దీ అందులోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి, ముక్కు పగిలే ఘాటు అదే. దాని మీద బ్లీచింగ్ చల్లితే క్లోరిన్, అమ్మోనియా కలిసి క్లోరమైన్లు పుట్టి కళ్లూ గొంతూ మండిస్తాయి. ముందు నీళ్లతో కడగాలి, ఆ తరువాతే ఏ పౌడరైనా. ఊడ్చే ఆవిడకు ఈ సంగతి తెలుసు. "నీళ్లుంటే అరగంటలో అద్దంలా చేస్తానమ్మా. మోటారు కాలిపోయి తొమ్మిది రోజులైంది. పౌడరు మాత్రం బస్తాలు ఇస్తున్నారు" అంది. తప్పు ఆవిడది కాదు. నేను అక్కడి కార్యాలయంలో మోటారు సంగతి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం చేయించుకుని వచ్చాను. 2027లో పుష్కరాలు వస్తున్నాయి. ఆ జనమంతా ఈ బస్టాండ్ల మీదుగానే వెళ్లాలి.

అమలాపురం దాటి రాజోలు వైపు ఒక కొబ్బరి తోటలో దంపతులు నడుపుతున్న బసలో రెండు రాత్రులున్నాం. ఈ ప్రయాణంలో అన్నిటికంటే నచ్చిన బస ఇదే. గదులు మామూలే, ఏసీ శబ్దం చేస్తుంది, భోజనంలో కారం ఎక్కువ. కానీ మరుగుదొడ్డి తళతళలాడుతోంది. ఆ ఇంటాయన నన్ను వెనక్కి తీసుకెళ్లి సెప్టిక్ ట్యాంకు చూపించాడు. నేలలో పాతకుండా, ఎత్తుగా దిమ్మె కట్టి దాని మీద నిలిపాడు. "మా దగ్గర నాలుగడుగులు తవ్వితే నీళ్లు. గుంట తీసి కడితే వానాకాలంలో మురుగంతా వెనక్కి తంతుంది, బావిలోకీ దిగుతుంది" అన్నాడు. డెల్టాలో ఇల్లు కట్టేవాళ్లంతా ఆ దిమ్మె చూడాలనిపించింది.

అలాగని అక్కడ వాసనే లేదని కాదు. దగ్గరలో కొబ్బరి డొక్కలు నానబెట్టే కుంట ఉంది. గాలి తిరిగినప్పుడల్లా కుళ్లిన కోడిగుడ్డు వాసన. గాలి సోకని నీటిలో పీచు కుళ్లేటప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అది. అక్క ముక్కు మూసుకుంది. అమ్మ మాత్రం, "అది తాడు పేనుకునేవాళ్ల అన్నం వాసన, ఉండనీ" అని లేత బొండం నీళ్లు రెండు విడతలుగా తాగింది. అంతర్వేదిలో ఎండు చేపల వాసనకు కూడా అమ్మ ఏమీ అనలేదు. కల్యాణం రోజులు ఇంకా రాలేదు కాబట్టి గుళ్లో తీరిగ్గా దర్శనమైంది. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట కాసేపు నిలబడి వచ్చేశాం.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం చేరాం. మోటారు సైకిళ్లు, కూరగాయల బుట్టలు, బడి పిల్లలు, ఒక పెళ్లివారి కారు, అన్నిటినీ మోసుకుంటూ పంటు వశిష్ఠను దాటింది. ఇంజను దగ్గర డీజిలు వాసన వస్తుంది, నది వైపు అంచున నిలబడండి. నరసాపురం స్టేషనుతో రైలు దారి ఆగిపోతుంది, అందుకే అక్కడ హడావుడి లేదు. వెయిటింగ్ హాలు నేల తడిగా, అప్పుడే కడిగినట్టు ఉంది. అమ్మ మరుగుదొడ్డికి వెళ్లి తిరిగొచ్చి, "ఏమే, ఆ సీసా ఇటు ఇవ్వు" అంది. పాలకొల్లులో దిగి క్షీరారామం గోపురం చూపించి, తరువాతి బండికి భీమవరం వెళ్లాం. అక్కడ హోటలు బాగుంది, అద్దె ఎక్కువ. ఊరి బయట రొయ్యల చెరువు ఎండగట్టారేమో, రాత్రి నల్లబురద వాసన వీస్తే కిటికీలు మూసుకుని పడుకున్నాం.

మళ్లీ వెళ్తే భీమవరం రాత్రి మానేసి నరసాపురంలోనే ఉంటాం. మధ్యాహ్నపు పంటుకు బదులు సాయంత్రం దాటాలని అమ్మ కోరిక. ఆ బస్టాండులో మాత్రం బస్సు మారకుండా రావులపాలెం నుంచే తిన్నగా రాజోలుకు కారు మాట్లాడుకుంటాం. మోటారు బాగుచేశారో లేదో కనుక్కుందామని నిన్ననే అక్కడికి ఫోను చేశాను, ఎవరూ ఎత్తలేదు. సోమవారం మళ్లీ చేస్తాను.