అమెరికా అతుకుల బొంత కిట్టు, మండపేటలో కుట్టి చూసి రాస్తున్నా

ముందే చెప్పేస్తానండీ, ఈ కిట్టు నేను డబ్బులు పెట్టి కొన్నది కాదు. మా అన్నయ్య కూతురు అమ్మడు న్యూజెర్సీ నించి వస్తూ సూట్‌కేసులో పెట్టుకొచ్చింది, "అత్తా, నువ్వెలాగూ ముక్కలు అతికి ఏదోటి కుడుతూనే ఉంటావు కదా, ఇది ఫాల్ సీజన్ కిట్టు, అంటే ఆకులు రాలే కాలానిది, అక్కడ సెప్టెంబరు వచ్చిందంటే ప్రతి ఇంట్లో సోఫాల మీదా గుమ్మాల మీదా ఇవే రంగులు" అని. డబ్బా మీద 89 డాలర్ల స్టిక్కరు పీకడం మర్చిపోయింది పాపం. మన డబ్బుల్లో 7,500 పైమాటే, ఆ సంగతి తెలిశాక కత్తెర పట్టుకోవాలంటే చెయ్యి వణికింది, వారం రోజులు బీరువాలోనే ఉంచాను. కంపెనీ పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

డబ్బా విప్పితే పన్నెండు ఆకుల బొమ్మలకి సరిపడా ముందే కోసేసిన చదరపు ముక్కలు, రంగుకో కట్ట కట్టి రిబ్బను చుట్టి ఉన్నాయి. నారింజ, ఆవ రంగు, ఇటుక రంగు, మెరూను, కాఫీ రంగు, ఆకుల చుట్టూ నేలగా మీగడ రంగు. గుడ్డ మాత్రం అద్భుతం, వేలికి తగలగానే తెలిసిపోయింది, నేత దగ్గరగా ఉన్న మంచి కాటను, అంచులు పీచు రేగకుండా రంపం పళ్ళలాగా కోశారు. ఇవి కాక ఒక గుమ్మడికాయ వాల్ హ్యాంగింగు సరంజామా, ఇస్త్రీ పెడితే రెండు వైపులా అంటుకునే కాగితం, ఒక ప్లాస్టిక్ రూలరు, ఎనిమిది పేజీల పుస్తకం. కొలతలన్నీ అంగుళాల్లోనే ఉన్నాయి, మన టైలర్ల టేపుతో హాయిగా సరిపోయింది.

ఆ ఆకు మేపుల్ ఆకండి. మూడు వరసలు మూడు గళ్ళు, మొత్తం తొమ్మిది గళ్ళు. మూడు గళ్ళు నిండు రంగు, నాలుగు గళ్ళు మూలనించి మూలకి సగం రంగు సగం మీగడ, ఒకటి ఖాళీ మీగడ, ఇంకోదాంట్లో ఐమూలగా కాడ. పూర్తయితే ఒక్కో ఆకు తొమ్మిది అంగుళాలు. మొదటి రెండు కుట్టి మంచం మీద పరిచి చూసుకుంటుంటే పక్కింటి పిన్నిగారు వచ్చి, "ఏంటమ్మాయ్, దుప్పటి నిండా ఆముదం ఆకులు కుడతన్నావు, ఎవరికైనా కడుపునొప్పా?" అన్నారు. నాకు నవ్వాగలేదు. మా అత్తయ్యగారేమో ఆముదం కాదు బొప్పాయి ఆకని ఆవిడతో వాదం. ఇద్దరూ కలిసి మా పెరట్లో బొప్పాయి ఆకు కోసుకొచ్చి పక్కన పెట్టి మరీ చూశారు. నేను మేపుల్ అని చెప్పినా ఎవరూ నమ్మలేదు, ఇప్పటికీ ఆ బొంత పేరు మా ఇంట్లో "ఆముదం ఆకుల బొంత".

నా మొదటి కంప్లైంటు కూడా అక్కడే. కిట్టు లోపం కాదులెండి, కిట్టుకీ మన ఊరికీ ఉన్న దూరం. ఆశ్వయుజంలో మన చేలు ఎలా ఉంటాయండీ? సార్వా వరి పొట్టమీద ఉండి కాలవగట్టు మీంచి చూస్తే కళ్ళు చెదిరేంత పచ్చగా ఉంటుంది, కొబ్బరాకు ఒక్కటి పండదు, పైగా ఎప్పుడు వాయుగుండం పడుతుందో అని టీవీ ముందు కూర్చుంటాం. ఆకులు రాలేది మనకి శిశిరంలో, అదీ రావి, బాదం లాంటి చెట్లకి. వాళ్ళకి చలి మొదలయ్యేసరికి ఆకులో పచ్చదనం విరిగిపోయి లోపలున్న పసుపు బయటపడుతుందని మా అమ్మడు చెప్పింది. ఆ పసుపుని కెరోటినాయిడ్లు అంటారట, బంతిపూలకి రంగిచ్చేది కూడా ఆ జాతి రంగేనట. ఈ ముక్క వినగానే నాకు కిట్టు మీద మళ్ళీ ఆశ పుట్టింది. దసరా ముందు కడియపులంక పూల మార్కెట్టుకి వెళ్తే గోతాలు గోతాలు ఉండేవి ఇవే రంగులు కదా, ఇటుక, ఆవ, నారింజ. అంతే, ఇది ఫాల్ కాదు బంతిపూల బొంత అనుకుని కూర్చున్నాను.

ఇక కుట్టు సంగతి. పుస్తకంలో ప్రతి పేజీలో అతుక్కి వదిలేది పావు అంగుళం, పావు అంగుళం అని మొత్తుకుంటారు, మనం జాకెట్లు కుట్టే అలవాటున్నవాళ్ళం కదా, అర అంగుళం వదిలి తర్వాత లూజు చేసుకోడానికి ఉంచుకుంటాం, ఆ చేత్తో ఇది కుట్టకూడదని మూడో ఆకు దగ్గర తెలిసింది. లెక్క చూడండి, తొమ్మిది గళ్ళ ఆకులో అడ్డంగా రెండు అతుకులుంటాయి, ఒక్కో అతుకులో రెండు ముక్కల అంచులు, అంటే నాలుగు అంచులు. ఒక్కో అంచులో అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పట్టినా పావు అంగుళం హుష్‌కాకి. చుట్టూ అతుక్కి వదిలేదానితో కలిపి తొమ్మిదిన్నర రావాల్సింది నాకు తొమ్మిదింపావు వచ్చింది, పక్కనున్న ఆకుతో కలపబోతే కొస కొసకి కలవదు. ఆ మూడూ విప్పి మళ్ళీ కుట్టాను. నేను చేసిన ఉపాయం ఏంటంటే మిషను సూది నించి సరిగ్గా పావు అంగుళం కొలిచి పళ్ళెం మీద స్కెచ్ పెన్నుతో గీత కాదు, నాలుగు పొరలు దళసరిగా ప్లాస్టరు అంటించాను, గుడ్డ అంచు దానికి ఆనుకుని జారుతుంటే ఇక కళ్ళు చిట్లించక్కర్లేదు. నాది పెళ్ళిలో ఇచ్చిన కాలి మిషనే, తర్వాత మోటారు పెట్టించాం, 14 నంబరు సూదితో చక్కగా నడిచింది.

సగం సగం రంగు గళ్ళు చేసే పద్ధతి మాత్రం ఈ కిట్టు వల్లే నేర్చుకున్నాను, దానికి దండం పెట్టాలి. నేనిన్నాళ్ళూ త్రికోణాలు కోసి అతికేదాన్ని, ఐమూల అంచు సాగి సాగి గడి వంకర పోయేది. వీళ్ళేం చేస్తారంటే రెండు చదరాలు ముఖాముఖి పెట్టి, మూలనించి మూలకి గీత గీసి, గీతకి అటో పావు అంగుళం ఇటో పావు అంగుళం కుట్టి, అప్పుడు గీత మీద కోస్తారు, ఒక్కసారికే రెండు గళ్ళు. చదరం మాత్రం గడి సైజు కంటే 7/8 అంగుళం పెద్దది ఉండాలి, మూడు అంగుళాల గడి కావాలంటే 3 7/8. నలభై ఎనిమిది గళ్ళూ ఒక్క మధ్యాహ్నంలో అయిపోయాయి, దారం తెంపకుండా ఒకదాని వెనక ఒకటి మిషను కింద పెట్టుకుంటూ పోతే పందిరికి కట్టే రంగు కాగితాల తోరణంలా కింద వేలాడుతూ వచ్చాయి.

ఇప్పుడు అసలు కోపం. కాఫీ రంగు కట్టలో రెండు ముక్కలు అంచు దగ్గర ఎనిమిదో వంతు అంగుళం తక్కువ కోశారు. ముందే కోసిచ్చేదానికేగా అంత డబ్బు! మెయిలు పెడితే తొమ్మిది రోజులకి జవాబొచ్చింది, ముక్కలు మార్చి పంపుతాం గానీ అమెరికా అడ్రసుకే పంపుతాం అని. వద్దులే అని మావారి పాత కాఫీ రంగు లాల్చీ జేబు విప్పి కోసి పెట్టాను, ఎక్కడుందో కనిపెట్టండి అంటే ఆయనే కనిపెట్టలేకపోయారు. రెండోది ఇంకా దారుణం, అంతా కుట్టాక చూస్తే వెనక గుడ్డా లేదు, మధ్యలో పెట్టే దూది పొరా లేదు. డబ్బా అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు, అవి విడిగా కొనుక్కోవాలని. అక్కడ కిట్లు చాలావరకు అంతేనట, పై భాగానికీ అంచు పట్టీకే గుడ్డ ఇస్తారట. బొమ్మ మీద మాత్రం పూర్తి బొంత మెత్తగా మడతపెట్టి ఉంటుంది మరి.

పరుపుల కొట్టుకి వెళ్ళి దూది పొర అడిగితే అతను పాలిస్టరు షీటు చూపించాడు. మన ఉక్కకి అది కప్పుకుంటే ఆవిరి కుడుముల్లా ఉడుకుతాం. అప్పుడు అమ్మకి ఫోను చేశాను. అమ్మ వాళ్ళది నరసాపురం పక్క పల్లెటూరు, నా చిన్నప్పుడు ఇంట్లో ఎవరు నీళ్ళోసుకున్నా ఏడో నెల రాగానే పాత నేత చీరలు మడతేసి బొంతలు కుట్టేవాళ్ళు, పసిపిల్లల కిందకి. "దూదెందుకే, రెండు పాత చీరలు పొర మీద పొర పెట్టు, గాలాడుద్ది, ఉతికితే పూటలో ఆరుద్ది" అంది, అని ఊరుకోకుండా వచ్చేవాళ్ళతో తన రెండు చీరలు పంపించింది. వెనక్కి ద్వారపూడి బట్టల మార్కెట్టు నించి తెచ్చిన మీగడ రంగు కాటను. గంతకు తగ్గ బొంత అంటారుగా, అమెరికా ముఖం, ద్వారపూడి వీపు, మధ్యలో మా అమ్మ.

మూడు పొరలు కలిపి మిషను మీద పెడితే పై పొర ముందుకి జరిగి ముడతలు పడ్డాయి. పుస్తకంలో వాకింగ్ ఫుట్ వాడమని ఉంది, అంటే పైన కూడా పళ్ళుండి కింద పొరతో పాటు పై పొరనీ లాక్కెళ్ళే పాదం, నా దగ్గర లేదు. విప్పేసి, అరచేతి దూరానికో పిన్నీసు పెట్టి, చేత్తోనే బొంత కుట్టు వేసుకుంటూ పోయాను, ఆకు చుట్టూ ఆకు, దాని చుట్టూ ఇంకో వరస, చెరువులో రాయేసినట్టు. పందొమ్మిది రాత్రులు పట్టింది. అట్లతద్దికి పూర్తవ్వాలనుకున్నది దీపావళి ముందు రోజుకి అయింది. 37 అంగుళాల వెడల్పు, 48 పొడవు, ఒడిలో వేసుకోడానికి సరిపోతుంది.

మొదటి ఉతుకులో మెరూను కారింది. ముందే కోసిన ముక్కల్ని ఉతక్కండి, పీచు రేగి సైజు పోతుంది అని పుస్తకంలోనే ఉంది, ఆ మాట నిజమే, కానీ రంగు దిగుతుందని ఎక్కడా రాయలేదు. బకెట్లో నీళ్ళు బీటురూటు రసంలా అయ్యేసరికి నా గుండె జారిపోయింది, మీగడ రంగు మీద రెండు చోట్ల గులాబీ మరక. పిన్నిగారు ఉప్పు నీళ్ళన్నారు, ఇంకొకరు వెనిగర్ అన్నారు, మిల్లులో అద్దిన కాటనుకి వాటితో రంగు ఆగదండీ. పనికొచ్చింది ఏంటంటే ఆరనివ్వకుండా, ఇస్త్రీ అసలు పెట్టకుండా, టబ్బు నిండా వేడి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ పోసి మొత్తం ముంచి రాత్రంతా ఉంచడం, పొద్దున్న నీళ్ళు మార్చి మళ్ళీ. మూడో విడతకి మరక పోయింది, ఒక మూల మాత్రం లేత నీడ ఉంది, నాకు తప్ప ఎవరికీ కనపడదు, నాకు మాత్రం అదే ముందు కనపడుతుంది. మీరెవరైనా ఈ రంగుల గుడ్డ కొంటే కుట్టే ముందు తడి తెల్ల గుడ్డ పెట్టి గట్టిగా రుద్ది చూడండి.

గుమ్మడికాయ హ్యాంగింగు రెండు గంటల పని. నారింజ గుడ్డ వెనక ఆ అంటుకునే కాగితం ఇస్త్రీ చేసి, ఆకారం కోసి, కాగితం పీకి మళ్ళీ నేల గుడ్డ మీద ఇస్త్రీ పెడితే కదలదు, చుట్టూ కాజా కుట్టు వేశాను. కళ్ళూ పళ్ళూ ఉన్న ముఖం కూడా ఇచ్చారు అక్టోబరు 31 హాలోవీన్‌కని, అది మాత్రం పెట్టలేదు, మా ఇంట్లో అప్పటికే గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. అత్తయ్యగారు రెండిటినీ మార్చి మార్చి చూసి "వాళ్ళకీ దిష్టి తగుల్తుందా ఏంటే?" అన్నారు.

మిగిలిన చిన్న ముక్కలతో గుమ్మానికి తోరణం కుట్టాను, మామిడాకు ఆకారంలో మడిచినవి పదకొండు, కింద అమ్మ అల్లిన క్రోషియా లేసు అంచు. 2024లో నరసాపురం లేసుకి ఊరి పేరు మీద ఇచ్చే జీఐ గుర్తింపు వచ్చాక అమ్మ తన పాత అల్లికలు కూడా ఎవరికీ ఊరికే ఇవ్వట్లేదు, నాకు మాత్రం మూడు గజాలు ఇచ్చింది. కార్తీకంలో సాయంత్రం దీపం పెట్టినప్పుడు ఆ లేసు నీడ గోడ మీద పడుతుంటే, ఆ 89 డాలర్ల బొంత కంటే ఈ తోరణం గురించే ఎక్కువమంది అడిగారు, నిజం చెప్పాలిగా.

కొనాలా అంటే, సొంత డబ్బుతో అయితే నేను కొనను. ద్వారపూడిలో కట్ పీసులు ఏరుకుంటే 1,200 లో ఇంతకంటే మన రంగులే వస్తాయి, కొయ్యడానికి రెండు రోజులు పడుతుంది అంతే. ఎవరైనా తెచ్చిస్తే వద్దనకండి, ఆ పుస్తకం, ఆ రూలరు దాచుకోండి. అయిదుకి మూడు ఇస్తున్నా, ఆ కాఫీ ముక్కలు సరిగ్గా కోసుంటే మూడున్నర ఇచ్చేదాన్ని.

బొంత ఇప్పుడు అత్తయ్యగారి ఉయ్యాల బల్ల మీద ఉంది, మధ్యాహ్నం దాని మీదే నడుం వాలుస్తారు. మొన్న మా అమ్మడు వీడియో కాల్లో చూసి "అత్తా, క్రిస్మస్ కిట్టు పంపనా, మంచు బొమ్మలుంటాయి" అంది. నేను వద్దన్నాను, గుడ్డ కోసే ఆ గుండ్రటి బ్లేడు కట్టరుకి 45 మిల్లీమీటర్ల బ్లేడ్లు ఒక ప్యాకెట్టు పంపవే చాలు, మెరూను గుడ్డ మాత్రం ఎక్కడా పెట్టకు అని చెప్పాను.