పిల్లి ట్రే కంపు తగ్గాలంటే ఏ తిండి మేలు: పఖాళ (చద్దన్నం)-ఎండుచేపా, ఉడకబెట్టిన కోడా, డ్రై ఫుడ్డా, వెట్ ఫుడ్డా?

పర్లాకిమిడిలో ఇప్పుడు మేడ మీద పోర్షన్లలో, అపార్ట్‌మెంట్లలో పిల్లుల్ని పెంచేవాళ్ళు బాగా పెరిగారు. పెరడున్న ఇంట్లో అయితే పిల్లి బయటికెళ్ళి మట్టిలో గొయ్యి తీసి కప్పెట్టి వచ్చేస్తాది కాబట్టి దాని కంపు సంగతి ఎవరికీ పట్టదు, అదే పిల్లి రెండు గదుల ఇంట్లో ట్రేలో కూర్చుంటే వీధి గుమ్మం దాకా తెలిసిపోతాది. అప్పుడు అందరూ ఏం చేస్తారంటే సెంటు కలిపిన లిట్టర్ (ట్రేలో మట్టికి బదులు పోసేది) కొంటారు, అగరుబత్తులు వెలిగిస్తారు, ఫినాయిల్ పోసి కడుగుతారు. ముందు దాని గిన్నెలో ఏటి పెడుతున్నారో చూడండి అంటాను నేను. మా ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్ళల్లో పిల్లికి పెట్టే తిండి ఎక్కువగా నాలుగు రకాలు, నాలుగూ కడుపులో నాలుగు రకాలుగా పనిచేస్తాయి, ఆ తేడా మర్నాడు ట్రేలో కనపడతాది.

పోల్చేముందు కంపు ఎక్కడ్నుంచి పుడతాదో చెప్పుకోవాలి, లేకపోతే ఏది మేలో తేలదు. ఉచ్చ కంపు వేరు, పెంట కంపు వేరు. ఉచ్చలో ఉన్న యూరియాని బ్యాక్టీరియా అమ్మోనియాగా మార్చేస్తాది, కళ్ళు మండించే ఘాటు అదే, ట్రేలో ఎంతసేపు ఉంటే అంత పెరుగుతాది. దీనికి తోడు పిల్లి ఉచ్చలో ఫెలినిన్ అని ఒకటి ఉంటాది, అందులో గంధకం ఉంటాది, అది విరిగినప్పుడు వచ్చేదే ఆ మగపిల్లి వాసన, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగ పిల్లుల్లో ఇది మరీ ఎక్కువ. ఆ వాసన తిండి మారిస్తే పోదు, ఆపరేషన్ చేయిస్తే బాగా తగ్గుతాది, కాబట్టి ఏడాది దాటిన మగపిల్లిని అలాగే ఉంచుకొని ఏ బ్రాండ్ తిండి మంచిది అని అడిగేవాళ్ళకి నా మొదటి జవాబు అదే.

పెంట సంగతి వేరు. సరిగా అరగని మాంసకృత్తులు పెద్దపేగులోకి దిగితే అక్కడి బ్యాక్టీరియా వాటిని కుళ్ళబెడతాది, అప్పుడే ఇండోల్, స్కాటోల్, హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటివి పుడతాయి, ముక్కు మూసుకునే కంపు వాటిదే. అరగని పాల చక్కెర, పిండి దిగితే అది పులుస్తాది, గ్యాసు, పుల్లటి కంపు, లూజ్ మోషన్స్. అంటే మాంసం పెడితే కంపు, అన్నం పెడితే కంపుండదు అని మా వైపు చాలామంది నమ్ముకున్నది సరికాదన్నమాట. బాగా అరిగే మాంసం తిన్న పిల్లి పెంట కొంచెంగా, గట్టిగా వస్తాది, ఎందుకంటే తిన్నదంతా ఒంటికి పట్టేసి మిగిలేది తక్కువ. నాసిరకం మాంసం ముక్కలు, చర్మం, కొవ్వు, లేదంటే గంపెడన్నం పెడితే మిగిలేది ఎక్కువ, కంపూ ఎక్కువే.

ఇప్పుడు మొదటిది, మా ఇళ్ళల్లో తాతల కాలం నుంచి నడుస్తున్నది. పఖాళ అన్నంలో కాల్చిన ఎండు చేప నలిపి పెట్టడం, లేదంటే పాలన్నం. మా పక్కింటి మౌసి ఇప్పటికీ అదే పెడతారు, ఆవిడ ప్రేమగానే పెడతారు, ఆ పిల్లి బయట ఎలకల్ని, తొండల్ని కూడా పట్టుకు తింటాది కాబట్టి బండి నడిచిపోతుంది. ఇంట్లోనే బంధించి పెంచే పిల్లికి మాత్రం ఇది చాలదు. పిల్లి పూర్తిగా మాంసాహారి, దాని లాలాజలంలో పిండిని విడగొట్టే ఎంజైమ్ లేదు, తీపి రుచి కూడా దానికి తెలీదు. బాగా ఉడికిన అన్నం కొంచెం అయితే అరిగించుకుంటాది, అన్నం విషమేం కాదు, కానీ గిన్నెలో ముప్పాతిక అన్నమే ఉంటే మాంసకృత్తులకి చోటేది? టారిన్ అని ఒకటి మాంసం, చేపల్లోనే ఉంటాది, అది చాలినంత అందకపోతే పిల్లికి కంటి రెటీనా పాడవుతాది, గుండె కండరం సాగిపోతాది, గుండె జబ్బుకీ టారిన్‌కీ ఉన్న సంబంధం 1987లో అమెరికాలో బయటపడింది, ఆ తర్వాతే ప్యాకెట్ తిండ్లలో దాన్ని ఎక్కువ కలపడం మొదలైంది.

పాల గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. పిల్లి పాలు తాగుతాది అన్నది నిజమే, ఇష్టంగా తాగుతాది, కానీ తల్లి పాలు మానేశాక చాలా పిల్లుల్లో పాల చక్కెరని అరిగించే లాక్టేజ్ తగ్గిపోతాది. అప్పుడు ఆ చక్కెర పేగులోకి నీళ్ళు లాగుతాది, బ్యాక్టీరియా దాన్ని పులియబెడతాది, సాయంత్రానికి ట్రేలో పల్చగా పుల్లగా కంపు కొడుతూ ఉంటాది. ఇలాంటి ఇళ్ళల్లో పాలు ఒక్కటి మానేస్తేనే సగం గొడవ తగ్గిపోతాది, పైసా ఖర్చు లేదు, ముందు అది చెయ్యండి. ఎండు చేపతో ఇబ్బంది ఉప్పు. పఖాళలో మనం వేసుకునే ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి నోట పడకూడదు, వాటివల్ల ఎర్ర రక్తకణాలు పగిలి రక్తహీనత వస్తాది, పచ్చిదైనా వేయించినదైనా అంతే. మనం తినగా మిగిలింది దాని ముందు పెట్టేయడం ఇందుకే వద్దు.

రెండోది ఇంట్లో ఉడకబెట్టిన కోడి, చేప. కడుపుకి ఇది చాలా హాయి, ఎముకలు, చర్మం తీసేసి ఉప్పు కారం లేకుండా ఉడకబెట్టిన కోడి మాంసం దాదాపు పూర్తిగా అరిగిపోతాది, పెంట చిన్నగా గట్టిగా వస్తాది, కంపు తక్కువ, నాలుగింటిలో పెంట కంపు విషయంలో దీనికే నా ఓటు. లూజ్ మోషన్స్ పట్టిన పిల్లికి రెండ్రోజులు ఇదే పెట్టమని డాక్టర్లు చెప్పడం కూడా ఇందుకే. మరి రోజూ ఇదే పెట్టేస్తే? అక్కడ తేడా వస్తాది. ఉత్త మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు, అడవిలో అయితే పిల్లి ఎలకని ఎముకలతో సహా తింటాది, మనం ముక్కలే పెడతాం, నెలల తరబడి అలా పెడితే ఎముకలు పలచబడిపోతాయి, పిల్లకూనల్లో అయితే ఇంకా తొందరగా. పోనీ ఎముకలతో పెడదాం అంటే ఉడికిన ఎముక పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాది. లివర్ చవగ్గా దొరుకుతుంది కదా అని రోజూ పెట్టేవాళ్ళున్నారు, విటమిన్ ఎ ఎక్కువైపోయి వెన్నుపూసలు బిగుసుకుపోతాయి, వారానికి ఓ చిన్న ముక్క చాలు.

చేప మాట. గోపాల్‌పూర్ వైపు నుంచో భావనపాడు వైపు నుంచో వచ్చే కవ్వళ్ళు, నెత్తళ్ళు మా బజార్లో చవక, పిల్లి ప్రాణం పెడతాది. పచ్చివి మాత్రం పెట్టకండి, కొన్ని రకాల పచ్చి చేపల్లో విటమిన్ బి1ని పాడుచేసే ఎంజైమ్ ఉంటాది, ఉడికిస్తే అది పోతాది. ఉడికించినా రోజూ నూనె చేపే పెడితే విటమిన్ ఇ చాలక ఒంట్లో కొవ్వు వాచి నొప్పి పుట్టే జబ్బొకటి ఉంది. ట్రే విషయానికొస్తే చేప తిన్న రోజు పెంటకి నీచు వాసన పట్టి వస్తాది, కోడి తిన్న రోజుకీ దీనికీ తేడా మీకే తెలిసిపోతుంది. వారానికి రెండుసార్లు చాలు అంటాను. పచ్చి మాంసం సంగతి వదిలేయండి, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి భయం ఉంది, ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళుంటే అసలు వద్దు.

మూడోది డ్రై ఫుడ్. మా దగ్గర షాపుల్లో తేలిగ్గా దొరికేది ఇదే, చీమ పట్టకుండా డబ్బాలో పోసుకుంటే నెల నడుస్తాది, టారిన్, కాల్షియం అన్నీ లెక్క ప్రకారం కలిపి ఉంటాయి. నాలుగు కేజీల పిల్లికి రోజుకి యాభై అరవై గ్రాములు సరిపోతాయి, కొలవకుండా గిన్నె నింపి వదిలేస్తే లావెక్కుతాది, ఎక్కువ తింటే అరగనిదీ ఎక్కువే దిగుతాది. పెంట గట్టిగా, ఎత్తడానికి వీలుగా వస్తాది. అయితే దీన్లో అన్నీ ఒకటి కాదు, ప్యాకెట్ వెనకాల మొదటి పేరు మొక్కజొన్నో గోధుమో అయితే పెంట రాశి పెరుగుతాది, మొదటి పేరు కోడి, చేప లాంటిదైతే రాశి తగ్గుతాది. ఇంకో మాట, డ్రై ఫుడ్‌లో తేమ పది శాతం లోపే. పిల్లి పూర్వీకులు ఎడారి దేశాల అడవి పిల్లులు, దాహం వేసి నీళ్ళు వెతుక్కునే అలవాటు దీనికి తక్కువ, తిండిలోంచే నీళ్ళు తీసుకునే రకం. కేజీకి యాభై మిల్లీలీటర్ల లెక్కన నాలుగు కేజీల పిల్లికి రోజుకి రెండొందల మిల్లీలీటర్ల దాకా నీళ్ళు కావాలి, డ్రై ఫుడ్‌లోంచి వచ్చేది ఓ చెంచాడు. దాంతో ఉచ్చ చిక్కబడుతాది, చిక్కబడిన ఉచ్చ ఘాటు ఎక్కువ, మా వైపు ఏప్రిల్, మే ఎండల్లో ఇది బాగా తెలుస్తాది.

నాలుగోది వెట్ ఫుడ్, పౌచుల్లో వచ్చేది. డెబ్భై అయిదు నుంచి ఎనభై అయిదు శాతం దాకా నీళ్ళే. ఉచ్చ పల్చబడుతాది, ఘాటు తగ్గుతాది, మూత్రంలో రాళ్ళు, మంట వచ్చే పిల్లులకి ఇది చాలా మేలు చేస్తాది. ప్యాకెట్ మీద ప్రోటీన్ 8% అని చూసి ఇంతేనా అనుకోకండి, నీళ్ళు తీసేసి లెక్క కట్టాలి. తేమ 82% అంటే మిగిలిన 18లో 8 ప్రోటీన్, దాదాపు 44%, అదే డ్రై ఫుడ్ మీద 30% అని ఉంటే నీళ్ళు తీసేశాక 33%. మరి ఇబ్బంది ఏటంటే ఉచ్చ ఎక్కువసార్లు పోస్తాది, లిట్టర్ గడ్డలు ఎక్కువ కడతాయి, లిట్టర్ తొందరగా అయిపోతాది. ఎనభై అయిదు గ్రాముల పౌచ్ ఒక్కటీ పిల్లికి చాలదు, దాని మీదే పెంచాలంటే రోజుకి మూడు దాకా కావాలి, మా ఊళ్ళో ఒక్కోసారి దొరకవు, బరంపురం నుంచి తెప్పించుకోవాలి. ఎండాకాలంలో గిన్నెలో గంట దాటి ఉంచితే చెడిపోతాది, అది తిని విరేచనాలు పట్టిన పిల్లుల్ని చూశాం. కొన్ని పౌచుల మీద చిన్న అక్షరాల్లో అనుబంధ ఆహారం అనే అర్థం వచ్చే మాట ఉంటాది, అవి గ్రేవీ ముక్కలు మాత్రమే, కంప్లీట్ అని ఉన్నదే కొనండి.

నన్ను అడిగితే మా ఊరి లాంటి చోట డ్రై ఫుడ్, వెట్ ఫుడ్ కలిపి పెట్టడమే మేలు. పొద్దున, మధ్యాహ్నం రెండు పూటలకీ కలిపి కొలిచిన డ్రై ఫుడ్ నలభై గ్రాములు, సాయంత్రం ఒక పౌచ్‌లో రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళు కలిపి. పౌచ్ దొరకని రోజు కోడి ఉడికిన నీళ్ళు డ్రై ఫుడ్ మీద పోసి, పైన నాలుగు ముక్కలు వెయ్యండి, ఆ ముక్కలు రోజు తిండిలో పదో వంతు దాటకుండా ఉంటే కొలత చెడదు. మూత్రం ఇబ్బంది ఒకసారి వచ్చిన మగపిల్లికి మాత్రం ఎంత ఖర్చయినా వెట్ ఫుడ్ వైపే మొగ్గండి. డబ్బు కుదరనివాళ్ళు ఇంటి తిండి పూర్తిగా మానుకోనక్కర్లేదు, అన్నం గిన్నెలో పావు వంతుకి తగ్గించి, ఉప్పులేని ఉడికిన చేపో కోడో పెంచి, దానికి ఓ గుప్పెడు కంప్లీట్ డ్రై ఫుడ్ జోడిస్తే పాలన్నం కంటే ఎన్నో రెట్లు నయం.

తిండి ఏదైనా ఒక్క రోజులో మార్చకండి. వారం పదిరోజులు పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ పోవాలి, పేగులోని బ్యాక్టీరియాకి అలవాటు పడే టైమ్ కావాలి, లేకపోతే ఎంత మంచి తిండైనా మొదటి వారం కంపే. కొత్తది ముట్టకపోతే ఆకలేస్తే అదే తింటాదిలే అని పస్తు పెట్టకూడదు, పిల్లి రెండు రోజులు తినకపోతే కొవ్వు లివర్‌లోకి చేరి ప్రాణం మీదకి వస్తాది, లావు పిల్లులకి మరీను.

ట్రే రోజుకి రెండుసార్లు ఎత్తండి, టాక్సోప్లాస్మా గుడ్లు ఒకటి నుంచి అయిదు రోజుల్లోనే అంటుకునే స్థితికి వస్తాయి కాబట్టి ఇది కంపు కోసమే కాదు. ఫినాయిల్ వాడొద్దు, అందులోని ఫినాల్ జాతి రసాయనాల్ని పిల్లి లివర్ విరగ్గొట్టలేదు, పాదాలకి అంటుకుని నాకితే విషం. బ్లీచింగ్ కూడా ఉచ్చ అమ్మోనియాతో కలిసి ఘాటు వాయువు పుట్టిస్తాది. సబ్బు నీళ్ళు, ఎండ చాలు.

తిండి సరిచేసి మూడు వారాలైనా పెంట కుళ్ళిన కంపు కొడుతుంటే, జిగురో రక్తమో కనపడితే, అది గిన్నెతో తేలే విషయం కాదు, నులిపురుగులు, జియార్డియా అనే పేగు పరాన్నజీవి లాంటివి ఉండొచ్చు. మగపిల్లి ట్రేలో మాటిమాటికీ కూర్చుని ఉచ్చ రాక అరుస్తుంటే అదే రోజు, అదే గంటలో తీసుకెళ్ళాలి, ఒకట్రెండు రోజుల్లో ప్రాణం పోతాది. ముందు ఊళ్ళో పశువుల ఆస్పత్రి, అక్కడ కుదరకపోతే ఇటు భువనేశ్వర్ వెటర్నరీ కాలేజీ, అటు గరివిడి వెటర్నరీ కాలేజీ ఉన్నాయి, మాకు గరివిడే దగ్గర. పెంట కంపు గురించి వెళ్తుంటే ఆ పొద్దుటి పెంట కొంచెం మూతున్న చిన్న డబ్బాలో పట్టుకెళ్ళండి, తాజాది అయితే పురుగుల గుడ్లు ఉన్నాయో లేవో మైక్రోస్కోప్ కింద చూసి చెప్పేస్తారు.