ప్రిల్ మందా, సార్టాన్ మందా?

విదేశాల్లో ఎంబీబీఎస్ చదివి వచ్చి ఇక్కడ ప్రాక్టీసుకు రాయాల్సిన అర్హత పరీక్ష ఎఫ్‌ఎంజీఈకి సిద్ధమవుతున్న పిల్లలు ప్రతిసారీ నన్ను అడిగేది ఇదే: "ఆప్షన్లలో రామిప్రిల్, టెల్మిసార్టాన్ రెండూ ఉంటే దేన్ని ఎంచుకోవాలి?"

రామిప్రిల్ లాంటి ‘ప్రిల్’లు, టెల్మిసార్టాన్ లాంటి ‘సార్టాన్’లు రెండు రకాల బీపీ మందులు. ముందు పోలికలు. రెండూ బీపీ తగ్గిస్తాయి, రెండూ పొటాషియం పెంచుతాయి. గర్భిణికి రెండూ పనికిరావు. రెండు కిడ్నీల ధమనులూ సన్నబడ్డవారికి రెండూ ప్రమాదమే. ప్రశ్న వీటి మీదే ఉండి ఆప్షన్లలో రెండూ కనిపిస్తే, ప్రశ్నను మళ్లీ చదవండి. తేడా చూపే మాట ఏదో మీ కంటబడకుండా పోయింది.

చాలాసార్లు ఆ మాట దగ్గు. నా దృష్టిలో ఈ రెండింటి మధ్య అసలు తగువు బ్రాడీకైనిన్ (రక్తనాళాలను సడలించే చిన్న ప్రొటీన్ ముక్క, అంటే పెప్టైడ్) దగ్గరే తేలుతుంది. ఏసీఈ అనే ఎంజైము రెండు ఉద్యోగాలు చేస్తుంది. యాంజియోటెన్సిన్ 1ను, రక్తనాళాలను బిగించి బీపీ పెంచే యాంజియోటెన్సిన్ 2గా మార్చడం ఒకటి, బ్రాడీకైనిన్‌ను విరగ్గొట్టడం రెండోది. ఈ రెండో పనిలో దాని పేరు కైనినేజ్ 2. రెండు పేర్లూ వేర్వేరు అధ్యాయాల్లో ఎదురవడం వల్ల ఎంజైము ఒక్కటేనని చాలామందికి తట్టదు. ప్రిల్ మందు రెండు పనులనూ ఆపేస్తుంది. బ్రాడీకైనిన్ పేరుకుని పొడి దగ్గు, అరుదుగా యాంజియోఎడీమా (పెదాలు, నాలుక, గొంతు వాయడం) వస్తాయి. సార్టాన్, యాంజియోటెన్సిన్ 2 వచ్చి అతుక్కునే ఏటీ1 రిసెప్టర్ దగ్గర అడ్డుపడుతుందే తప్ప ఎంజైము జోలికి పోదు. అందుకే దానితో దగ్గు బెడద చాలా తక్కువ.

బ్రెజిల్‌లోని జరారాకా పాము విషంలో బ్రాడీకైనిన్ బలాన్ని పెంచే పెప్టైడ్లు దొరికాయి. కాప్టోప్రిల్‌కు దారి చూపింది అవే. అంటే ఈ దగ్గు ప్రిల్ మందులకు పుట్టుకతో వచ్చిందన్నమాట! మా మామయ్య బీపీకి ప్రిల్ బిళ్ల వేసుకుంటూనే మూడు నెలల పాటు దగ్గు సిరప్పులు తాగారు. రోజూ వేసుకునే ఆ బిళ్లను ఎవరూ అనుమానించలేదు.

గుండె వైఫల్యానికి ఇచ్చే సాక్యుబిట్రిల్‌ను వల్సార్టాన్‌తోనే ఎందుకు జత కట్టారో కూడా ఇక్కడే తెలుస్తుంది. సాక్యుబిట్రిల్ ఆపే నెప్రిలైసిన్ అనే ఎంజైము కూడా బ్రాడీకైనిన్‌ను విరగ్గొట్టేదే. దానికి ప్రిల్ తోడైతే యాంజియోఎడీమా ముప్పు పెరుగుతుంది. ప్రిల్ ఆపిన 36 గంటల వరకు సాక్యుబిట్రిల్ మొదలుపెట్టకూడదు.

గుండెపోటు తరువాత ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో స్పందనకు గుండె బయటికి నెట్టే రక్తం శాతం) తగ్గిందంటే ముందు ప్రిల్. మధుమేహంతో మూత్రంలో ప్రొటీన్ పోతోందంటే, టైప్ 1లో కాప్టోప్రిల్‌కు 1993లో, టైప్ 2లో లోసార్టాన్, ఇర్బెసార్టాన్‌లకు 2001లో కిడ్నీలను కాపాడతాయన్న రుజువులు వచ్చాయి.

ఉత్త బీపీకైతే నా మొగ్గు టెల్మిసార్టాన్ వైపే. దాని అర్ధాయువు దాదాపు 24 గంటలు, బయటికి పోయేది పైత్యరసం గుండా. రామిప్రిల్‌కు అది తీసిపోదని 2008లో ఆన్‌టార్గెట్ పరీక్ష చూపింది. రెండూ కలిపి ఇస్తే అదనపు లాభం లేదని, కిడ్నీలకు హాని పెరిగిందని కూడా అదే తేల్చింది. అలిస్కిరెన్ అనే మరో బీపీ మందు సంగతంటారా, యాంజియోటెన్సిన్ 1 తయారీని మొదలుపెట్టే రెనిన్ ఎంజైమును నేరుగా ఆపుతుందని గుర్తుంటే చాలు.

రోగికి గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే కీళ్ల నొప్పి) కూడా ఉందని రాస్తే మాత్రం నా టెల్మిసార్టాన్‌ను పక్కనబెట్టి లోసార్టాన్ ఎంచుకోండి. యూరిక్ ఆమ్లాన్ని మూత్రంలోకి పంపడంలో దానికి పేరుంది.