కెనాన్ 50 ఎంఎం 1.8 ఎస్‌టీఎం: కుక్కల ఫొటోలకి కొనుక్కోండి, కానీ 1.8లో తీయకండి

మా ఒంగోలులో ఈ లెన్స్‌ని ఎక్కువగా మనుషుల ఫొటోలకే కొంటారు. నేను మాత్రం కెనాన్ 1500డి కెమెరా బాడీకి తగిలించి పెంపుడు జంతువుల ముఖాలే తీస్తుంటాను. ఈ ధరలో ఆ పనికి ఇంతకన్నా మంచిది లేదనే నా నమ్మకం. కాకపోతే పేరులో 1.8 (లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే ఎఫ్ నంబరు, ఇది ఎంత చిన్నదైతే వెలుగు అంత ఎక్కువ, షార్ప్‌గా వచ్చే లోతు అంత తక్కువ) ఉంది కదా అని ఎదురుగా ఉన్న కుక్క ముఖాన్ని అందులోనే తీస్తే ఫొటో చెడుతుంది.

మనిషి ముఖంలా కాదు, కుక్క మూతి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. మీటరు దూరం నుంచి 1.8లో తీస్తే షార్ప్‌గా వచ్చే లోతు మొత్తం 3 సెంటీమీటర్ల లోపే. మా లాబ్రడార్‌కి ముక్కు కొస నుంచి కంటికి దానికి మూడింతలు ఉంటుంది, ఇక కన్ను దక్కితే ముక్కు పోతుంది, తల కాస్త తిప్పిందా రెండో కన్నూ మసకే. అదే ఎఫ్ 4 పెట్టి 2 మీటర్ల దూరంలో నిలబడితే ఆ లోతు పాతిక సెంటీమీటర్ల దగ్గరికి వస్తుంది. వెనక బ్లర్ పోతుందని భయపడక్కర్లేదు, కుక్కని గోడకి ఆనించి కూర్చోబెట్టకపోతే చాలు. కొత్తపట్నం బీచ్‌లో సరుగుడు చెట్లు బాగా వెనక పడేలా కూర్చోబెట్టి చూడండి, ఎఫ్ 4లోనూ ఆకులన్నీ పచ్చటి మరకల్లా కలిసిపోతాయి.

ఇక ఒంగోలు గిత్త అయితే మూతి ఎంత పొడవో మనకి చెప్పాలా! దానికి 3 మీటర్లు, ఎఫ్ 5.6. మూతి నుంచి కొమ్ముల దాకా అన్నీ పడతాయి, కంటి రెప్ప వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు.

ఫోకస్ పాయింట్ (ఎక్కడ షార్ప్‌గా రావాలో చూపే చుక్క) ఎంపికని కెమెరాకి వదిలేస్తే దగ్గరున్నదాన్నే, అంటే ముక్కునే పట్టుకుంటుంది. 1500డిలో ఉన్న 9 పాయింట్లలో గట్టిది మధ్యదే, అదొక్కటే ఎంచుకుని మనకి దగ్గరున్న కంటి మీద పెట్టండి. నల్ల కుక్కలతో అసలు పరీక్ష. నల్లటి బొచ్చులో కాంట్రాస్ట్ దొరక్క లెన్స్ ఫోకస్ మోటారు ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది, అందుకే కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టి కంట్లో మెరిసే చుక్క మీద ఫోకస్ చేస్తాను.

లెన్స్‌లో చేతి వణుకుని సరిదిద్దే స్టెబిలైజేషన్ లేదు. ఉన్నా కదిలే కుక్కకి పనికిరాదు, షట్టర్ స్పీడు 1/500 సెకను పెట్టాల్సిందే.

1.8 నిజంగా అక్కరకొచ్చేది కుక్క పక్కకి తిరిగి ఉన్నప్పుడు. అప్పుడు కన్నూ మూతీ మనకి దాదాపు ఒకే దూరంలో ఉంటాయి, ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుగులో కూడా రెండూ షార్ప్‌గా వస్తాయి.