రాణిగంజ్‌లో కొన్న బాల్ స్క్రూలు, కోయంబత్తూరులో దారికొచ్చిన వైనం

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బాల్ స్క్రూ (మోటారు తిప్పుతుంటే నట్టుని ముందుకీ వెనక్కీ జరిపే మర రాడ్డు, నట్టు లోపల గోళీలు దొర్లుతాయి) కొనడానికి వెళ్ళేవాళ్ళు డబ్బు కట్టకముందే ప్లాస్టిక్ కవరు విప్పించండి. స్క్రూ మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టి, నట్టును సరిగ్గా ఒక చుట్టు తిప్పి, ఎంత దూరం జరిగిందో స్కేలుతో కొలవండి. షాపతను విసుక్కున్నా సరే, వెనక ఎంతమంది నిలబడి ఉన్నా సరే. కొలవనివ్వని షాపులో కొనొద్దు. మేం అడిగితే "ఆయిల్ పూసి ప్యాక్ చేసిన మాల్ సార్, విప్పితే దుమ్ము పడ్తది, తేడా ఉంటే తెండి, మార్చిస్త" అన్నాడు. తేడా వచ్చాక ఆ మాటే ఎత్తనివ్వలేదు.

మాది తెనాలి. మా అక్క భర్త తలుపుల పని చేయిస్తాడు. సింహద్వారాలకీ, దేవుడి గది తలుపులకీ ఇప్పుడు అందరూ సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే యంత్రం) చెక్కుడే అడుగుతున్నారు. ప్రతి తలుపూ బయట చెక్కించడానికి మోసుకెళ్ళే బదులు మేమే అలా చెక్కే యంత్రం, రౌటర్, ఒకటి కట్టుకుందామని మొదలుపెట్టాం. ఫ్రేము వెల్డింగ్ అయింది, యంత్రం జరిగే గైడ్ పట్టాలు వచ్చాయి, మోటార్లు వచ్చాయి. స్క్రూలు మాత్రం చేత్తో పట్టుకుని చూశాకే కొనాలని ఇద్దరం బయల్దేరాం.

ఏ స్క్రూ తీసుకోవాలన్న వాదన రైలెక్కినప్పటి నుంచే నడిచింది. గేట్లకి వాడే మామూలు మర రాడ్డు మీటరు నూటఇరవైకి దొరుకుతుంటే వేలు ఎందుకు పోయాలన్నది బావ మాట. ఆ రాడ్డు మర 60 డిగ్రీల వి ఆకారంలో ఉంటుంది. బిగించి వదిలేయడానికి చేసిందే తప్ప రోజంతా అటూ ఇటూ తిరగడానికి కాదు. తొందరగా అరిగి నట్టు లూజవుతుంది. ఆ పై మెట్టు ట్రెపిజాయిడల్ స్క్రూ, దాని మర 30 డిగ్రీలు. త్రీడీ ప్రింటర్లలో వాడే టీ8 ఈ జాతే. 8 మి.మీ. లావు, మరకీ మరకీ మధ్య 2 మి.మీ., కానీ నాలుగు మరలు పక్కపక్కన నడుస్తాయి కాబట్టి ఒక చుట్టుకి 8 మి.మీ. పోతుంది. చిన్న యంత్రానికి అది చాలు. మీటరు పొడవుకి పెడితే మాత్రం వేగంగా తిరిగేటప్పుడు నడుమ ఊగుతుంది. ఒకే లావు స్క్రూ పొడవు రెట్టింపయితే, ఊగకుండా తిరగగల వేగం నాలుగో వంతుకి పడిపోతుంది. చాలామంది లావు గురించే అడుగుతారు, పొడవుని మర్చిపోతారు.

అందుకే పొడవాటి రెండు దిక్కులకీ 16 మి.మీ. బాల్ స్క్రూ అనుకున్నాం. అందులో 1605, 1610 అని రెండు దొరుకుతాయి. మొదటి రెండంకెలు లావు, చివరి రెండూ ఒక చుట్టుకి నట్టు జరిగే దూరం, దాన్నే లీడ్ అంటారు. మేం వాడే స్టెప్పర్ (మెట్టు మెట్టుగా తిరిగే) మోటారు వేగం పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. నిమిషానికి 600 చుట్ల దగ్గర 1605 అయితే 3 మీటర్లు పోతుంది, 1610 అయితే 6 మీటర్లు. తలుపు మీద పూల తీగలు చెక్కేటప్పుడు యంత్రానికి పరుగే పరుగు, కాబట్టి 1610. తోపుడు బలం సగానికి తగ్గుతుంది కానీ చెక్కకి అది ఎక్కువే. అల్యూమినియం కోసేవాళ్ళయితే 1605 దగ్గరే ఉండండి.

సికింద్రాబాద్‌లో స్టేషను దగ్గర దిగిన లాడ్జి గురించి కూడా చెప్పాలి. ఫోన్‌లో డబుల్ రూము 1,200 అన్నారు. కౌంటర్ దగ్గర 1,550 అయింది. 24 గంటల చెకౌట్ అని బోర్డు పెట్టి, పొద్దున తొమ్మిదికే తలుపు కొట్టి ఇంకో సగం రోజు డబ్బులు అడిగారు. బాత్‌రూములో బకెట్ అడుగున పగులు, వేడినీళ్ళు ఏడింటి దాకానే. అన్నిటికన్నా బావకి ఒళ్ళు మండింది సాయంత్రం. స్క్రూల గొట్టాలు లోపలికి తేవాలంటే "లగేజీ చార్జీ 100" అన్నప్పుడు. ఇచ్చాం, ఎందుకంటే వరండాలో వదిలే వస్తువులు కావు. స్టేషన్‌లో రిటైరింగ్ రూము దొరికితే దాన్నే పట్టుకోండి, ఇంతకంటే నయం.

ఆ రూములోనే అసలు సంగతి బయటపడింది. యంత్రానికి ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి జత కావాలి కాబట్టి మీటరు స్క్రూలు రెండు (ఒక్కోటి 4,600), అడ్డం దిక్కుకి 800 మి.మీ. స్క్రూ ఒకటి (3,900) తీసుకున్నాం. మూడింటికీ చివరలని పట్టి ఉంచే బేరింగ్ బ్లాకుల సెట్లు, బీకే12, బీఎఫ్12, సెట్టు 1,350. నట్టుని యంత్రానికి బిగించే హౌసింగులు ఒక్కోటి 380. మొత్తం 18,290. చివర్లు లేత్ మీద తిప్పించి, అంటే బేరింగులకి సరిపడేలా కోయించి, తయారుగా ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. బావ మంచం మీద పేపరు పరిచి, ఒక్కో స్క్రూకి గీత పెట్టి నట్టు తిప్పుతూ కూర్చున్నాడు. మొదటిది 10 మి.మీ. జరిగింది. రెండోది 5. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ 5. జతగా నడవాల్సిన రెంటిలో ఒకటి 1610, ఇంకోటి 1605!

ఇది చిన్న విషయం కాదు. రెండు పక్కల మోటార్లకీ కంట్రోలరు ఒకే లెక్కన పల్సులు, అంటే మోటారుని కొంచెం కొంచెం తిప్పే కరెంటు సంకేతాలు పంపుతుంది. మేం పెట్టుకున్న మోటారు డ్రైవర్ సెట్టింగులో చుట్టుకి 1,600 పల్సులు, అంటే 1610కి మిల్లీమీటరుకి 160, 1605కి 320. ఎడమ పక్క పది జరిగితే కుడి పక్క అయిదే జరుగుతుంది. పైనున్న అడ్డదూలం మెలిపడి గైడ్ పట్టాల్లో బిగుసుకుపోతుంది. గబుక్కున నడిపితే బేరింగులు పోతాయి.

మర్నాడు షాపు తెరిచేసరికి ముందే నిలబడ్డాం. "రెండూ పదహారే కదా సార్, ఏం ఫరక్ పడ్తది" అన్నాడు. బిల్లు మీద రెండు చోట్లా 1610 అని ఉందని చూపిస్తే, చివర్లు తిప్పిన మాల్ వాపసు తీసుకోనన్నాడు. ఆ చివర్లు తిప్పింది వాళ్ళే, తప్పు స్క్రూకి తిప్పిందీ వాళ్ళే. బావ సాధారణంగా గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు కౌంటర్ మీద బిల్లు పెట్టి, "ఇది మార్చేదాకా ఇక్కడే కూర్చుంటా" అని స్టూలు లాక్కున్నాడు. మధ్యాహ్నానికి మార్చారు, 900 ఎక్కువ తీసుకుని. ఆ 900కి బిల్లు రాయలేదు. నాకు ఇప్పటికీ మండేది ఆ తొమ్మిది వందల గురించే. పొరపాటుకి చార్జీ కొన్నవాడు కట్టడం ఎక్కడి న్యాయం?

కొత్తగా ఇచ్చిన దాని చివరా నాకు నచ్చలేదు. కప్లింగు (స్క్రూని మోటారుకి కలిపే ముక్క) తొడిగే చోట కంటికే వంకర తెలుస్తోంది. మిగతా రెండూ చూస్తే వాటిదీ అదే తీరు. బాలానగర్ వెళ్ళాం. 1968 నుంచి టూల్ డిజైన్ సంస్థ ఉన్న పేట, వీధి వీధికీ లేతులే. పని తెలిసినవాళ్ళే కానీ చేతి నిండా పెద్ద ఆర్డర్లు, మూడు చివర్ల పని అనేసరికి వారం తర్వాత రమ్మన్నారు.

మా మేనల్లుడు కోయంబత్తూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఎలాగూ వాణ్ణి చూడాలని అక్క పోరుతోంది. శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాం. గొట్టాలు కింది బెర్తు కిందికి సరిపోయాయి. ప్రయాణం బాగా సాగింది.

గాంధీపురం నుంచి సిటీ బస్సులో గణపతి అనే పేటకి వెళ్తే, సందుల్లో ఇంటి ముందు గదే వర్క్‌షాపు. పంపులు, గ్రైండర్లు చేసే ఊరు కాబట్టి టర్నర్లకి కొదవ లేదు. మేనల్లుడి స్నేహితుడు తీసుకెళ్ళిన చోట అరవై దాటిన పెద్దాయన, రెండు పాత లేతులు, ఒక నల్లరాయి సర్ఫేస్ ప్లేటు (వంకర చూసే చదును పలక). ఆయన ఇంట్లో తెలుగే మాట్లాడతారట. తమిళ యాసలో "రాండి, కూర్చోండి" అన్నాడు. మేం చెప్పేది పూర్తిగా వినకముందే స్క్రూ తీసి రాతి మీద నెమ్మదిగా దొర్లించాడు. వంగి, స్క్రూకీ రాయికీ మధ్య వెలుతురు ఎక్కడ కనిపిస్తోందో చూశాడు. స్క్రూ తిన్నగానే ఉందన్నాడు. అప్పుడు బేరింగు కూర్చునే చోట్లని వి ఆకారపు గాడి ఉన్న దిమ్మెల మీద ఆనించి, కప్లింగు చివర వంకర కొలిచే డయల్ పెట్టి వేలితో తిప్పాడు. ముల్లు 0.35 మి.మీ. దాకా ఊగింది. రెండోది 0.28. చిన్నదే కాస్త నయం, 0.15.

బేరింగ్ సీటు ఒకసారి బిగించి తిప్పారు, చివర ఇంకోసారి బిగించి తిప్పారు, రెండోసారి సెంటరు చూడలేదు, ఇదీ ఆయన చెప్పింది. ఇలాంటి చివరకి కప్లింగు బిగిస్తే ప్రతి చుట్టుకీ మోటారు షాఫ్టుని పక్కకి లాగుతుంది, చెక్కిన చోట అలలు పడతాయి. దానికి ఆయన మందు సులువైనదే. 10 మి.మీ. చివరని సెంటరు చూసి 8కి దించడం. మా మోటారు షాఫ్టు కూడా 8 కాబట్టి రెండు పక్కలా 8 ఉన్న కప్లింగు వేసుకోవచ్చు. ముందు నట్టుకి రెండు వైపులా టేపు చుట్టాడు, లోహపు పొట్టు గోళీల్లోకి పోకుండా. పొరపాటున నట్టు స్క్రూ నుంచి జారితే గోళీలన్నీ రాలిపోతాయి కాబట్టి చివర రబ్బరు బ్యాండు కూడా వేశాడు. తర్వాత నాలుగు దవడల చక్‌లో రాగి రేకు అడ్డంపెట్టి బిగించి, బేరింగ్ సీటు మీద డయల్ ఆనించి, ఒక్కో దవడనీ కొంచెం కొంచెం కదుపుతూ ముల్లు నిలబడేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. కోత కన్నా ఆ బిగింపుకే ఎక్కువసేపు పట్టింది. పని అయ్యాక మూడింటిలో దేనిదీ 0.02 దాటలేదు. నూటఇరవై రాడ్డు చాలన్న బావ ఆయన పక్కనుంచి కదలలేదు. డయల్ ఎంతకి వస్తుందని అడిగి రాసుకున్నాడు.

ఒక్కో చివరకి 450. చూసినందుకు ఏమీ తీసుకోలేదు. కప్లింగులు పక్క సందులో 260 చొప్పున మూడు.

పైకీ కిందికీ నడిచే దిక్కుకి ఏం వేయాలో కూడా ఆయనే తేల్చాడు. అక్కడ కూడా బాల్ స్క్రూనే అనుకుంటూ ఉన్నాం. "మీ ఊళ్ళో కరెంటు పోతుందా?" అని అడిగాడు. బాల్ స్క్రూలో గోళీలు దొర్లుతాయి కాబట్టి మోటారు బలం తొంభై శాతం దాకా పనికొస్తుంది. ఆ సుఖమే ఇక్కడ చేటు. లీడ్ ఎక్కువున్న స్క్రూ అయితే కరెంటు పోగానే స్పిండిలు (చెక్కే బిట్టుని తిప్పే మోటారు) బరువుకి దానంతటదే కిందికి జారి, బిట్టు టేకు చెక్కలో దిగబడుతుంది. ఒకే మర ఉన్న ట్రెపిజాయిడల్ 12×3 రాపిడి మీదే ఎక్కడున్నది అక్కడ నిలబడుతుంది. స్ప్రింగుతో రెండు ముక్కలుగా ఉండే నట్టు వేస్తే లూజు కూడా ఉండదు. 350 మి.మీ. రాడ్డు, నట్టు కలిపి 1,150, చివర తిప్పినందుకు ఇంకో 450.

మధ్యాహ్నం ఆ సందు మొదట్లో ఉన్న మెస్సులో తిన్నాం. అరిటాకు, వేడన్నం, చిన్న ఉల్లిపాయల సాంబారు, ముల్లంగి కూర, రసం, మజ్జిగ. మనిషికి 90. అడగకుండానే మళ్ళీ వడ్డించారు. రూము గాంధీపురంలో 1,100, చెప్పిన ధరే తీసుకున్నారు, వేడినీళ్ళు ఎప్పుడంటే అప్పుడు. సాయంత్రం మేనల్లుడు అవినాశి రోడ్డులో జి.డి. నాయుడు మ్యూజియంకి తీసుకెళ్ళాడు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి ఈ దేశంలో మొదటి ఎలక్ట్రిక్ మోటారు చేసిన మనిషి ఆయన. అంత ఓపిగ్గా పనిచేసే ఊరుకి ఇంత పాత పునాది ఉందని అక్కడ తెలిసింది.

ఇంకోసారి అయితే రాణిగంజ్ వైపే పోను. కొలతలు రాసిన కాగితం తీసుకుని నేరుగా కోయంబత్తూరు వెళ్ళి, చివర్లు తిప్పని స్క్రూ కొని, మన కళ్ళ ముందే తిప్పిస్తా. హైదరాబాద్‌లోనే కొనాల్సి వస్తే బిల్లు మీద లావు, లీడ్, పొడవు మూడూ విడివిడిగా రాయించుకోండి, మార్చాల్సి వస్తే అదనంగా డబ్బు అడగబోమని కూడా రాయించండి. ఇంకా కచ్చితమైన సీ5 గ్రౌండ్ (సానపట్టిన) స్క్రూ అని ఎవరైనా రెట్టింపు చెబితే చెక్క పనికి వద్దనండి. మామూలు సీ7 రోల్డ్ (నొక్కి మర చేసిన) స్క్రూ 300 మి.మీ.కి 0.05 మి.మీ. తేడా లోపే ఉంటుంది, వానాకాలంలో టేకు పలక అంతకంటే ఎక్కువ ఉబ్బుతుంది. గణపతిలో ఆదివారం వర్క్‌షాపులు మూత, శనివారం సాయంత్రం దాకా పని చేస్తారు. బేరింగ్ బ్లాకుల డ్రాయింగు మాత్రం ఫోన్‌లో కాకుండా ప్రింటు తీసి తీసుకెళ్ళండి, పెద్దాయన నూనె చేతులతో ఫోను ముట్టుకోడు.