50 ఎం.ఎం. లెన్స్‌తో ఎనిమిదేళ్లు: పోర్ట్రెయిట్ పనిలో నా అనుభవం

నా దగ్గరున్న లెన్స్‌లలో అన్నిటికన్నా చవకది ఈ 50 ఎం.ఎం. ఎఫ్ 1.8. (ఎఫ్ అంకె లెన్స్ ఎంత తెరుచుకుంటుందో, అంటే అపర్చర్‌ను, చెప్తుంది; అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ, ఫోకస్ నిలిచే లోతు తక్కువ.) పత్రికలకు, స్వచ్ఛంద సంస్థలకు ఎనిమిదేళ్లుగా నేను తీసిన పోర్ట్రెయిట్లలో ఎక్కువ భాగం దీనితో తీసినవే. షార్ప్‌నెస్ గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. మనుషుల ఫొటోలు తీసేటప్పుడు ఇది ఎలా పనికొచ్చిందో నేను చెప్తాను.

అంతకుముందు దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపే 70-200 ఎం.ఎం. జూమ్ లెన్స్ వాడేవాణ్ణి. వీధికి ఆ చివర నిలబడి, అరుగు మీద కూర్చున్న తాతను ఆయనకు తెలియకుండానే తీసేయొచ్చు. ఫొటో బాగానే వస్తుంది, కానీ ఆయన పేరు కూడా నాకు తెలిసేది కాదు. 50 ఎం.ఎం.తో అలా కుదరదు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా మీద తల, భుజాలు నిండుగా రావాలంటే మనిషికి మీటరు దూరంలో ఉండాలి. అంత దగ్గరికి వెళ్లాక మాట్లాడకుండా ఎలా ఉంటాం?

పోచంపల్లిలో చేనేత కార్మికుల ఫొటోలు తీయడానికి వెళ్లినప్పుడు ఇది బాగా అర్థమైంది. గుంట మగ్గంలో నేసే మనిషి కాళ్లు గుంటలో ఉంటాయి, మొహం దాదాపు నేలకు దగ్గరగా ఉంటుంది. నేనూ కింద కూర్చోవాల్సిందే. గదిలో వెలుతురంతా తలుపు నుంచి వచ్చేదే. ఎఫ్ 1.8 ఉండబట్టి ఫ్లాష్ లేకుండా పని జరిగింది. అయితే ఆ అపర్చర్‌లో మీటరు దూరంలో ఫోకస్ నిలిచేది నాలుగు సెంటీమీటర్ల లోతే. ఒక కన్ను స్పష్టంగా వచ్చి, రెండోది మసకబారిన ఫొటోలు చాలా పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఎఫ్ 2.8 దగ్గర పెట్టుకుని, తగ్గిన వెలుతురుకు ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురును పట్టుకునే సున్నితత్వం) పెంచుకుంటున్నాను.

నేసే మనిషిని 'కాసేపు ఆగండి' అనడం నాకు ఇష్టం ఉండదు. దారం తెగితే అతుకు వేయడానికి ఆయనే ఆగుతాడు. చిటికి కట్టి (నూలును అక్కడక్కడ బిగించి కట్టి) రంగు అద్దిన నూలు కాబట్టి, పేక (అడ్డదారం) డిజైను పడుగుతో (నిలువుదారంతో) కలిసిందో లేదో చూసుకోవడానికీ ఆగుతాడు. నాకు ఆ క్షణం చాలు. ఒకాయన మాత్రం "జర ఆగు సారూ" అని లోపలికెళ్లి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. పత్రికవాళ్లకు పని బట్టల్లోనే కావాలి. నేను రెండూ తీశాను. ఆయనకు ప్రింట్ ఇచ్చింది మాత్రం ఇస్త్రీ చొక్కా ఫొటోనే.

ఆ ఇంట్లోనే అవ్వ పిలిచింది. "నేను పోయినంక గోడకు పెట్టేటి ఫొటో ఒకటి తియ్యి బిడ్డా" అంది. కళ్లజోడు ఉంచాలా తీయాలా అని కోడలితో చాలాసేపు చర్చ జరిగింది. చివరికి ఉంచుకుంది. అసైన్‌మెంట్‌లో లేని ఆ ఒక్క ఫొటోకే అరగంట పట్టింది, ఆ రోజు అంతకన్నా శ్రద్ధగా తీసిన ఫొటో ఇంకోటి లేదు. నెల తర్వాత 8×12 ప్రింట్ తీసుకెళ్లి ఇస్తే, బీరువాలో పట్టుచీర కింద దాచుకుంది.

కొన్ని ఇళ్లలో ఆడవాళ్లు నా కెమెరా ముందుకు రారు. నేనూ పట్టుబట్టను. 1892లోనే హైదరాబాద్‌లో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఆడవాళ్ల కోసం జెనానా స్టూడియో పెట్టారు, అక్కడ కెమెరా పట్టింది కూడా ఒక మహిళే. నేనూ అలాగే, నాతో వచ్చే అసిస్టెంట్ అమ్మాయికి కెమెరా ఇచ్చి వాకిట్లో కూర్చుంటాను. కిలోన్నర జూమ్‌తో ఆ అమ్మాయి చెయ్యి నొప్పి పుట్టేది, ఈ 50 ఎం.ఎం. రెండు వందల గ్రాములైనా ఉండదు.

లోపాలూ ఉన్నాయి. చీకటి గదుల్లో ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. మరీ దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదిగా కనిపిస్తుంది, కాబట్టి మొహం మాత్రమే నిండుగా కావాలంటే 85 ఎం.ఎం. మేలు. ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) కెమెరా ఉన్నవాళ్లకు ఇదే ఇంచుమించు 75-80 ఎం.ఎం.లా పనిచేస్తుంది, రెండడుగులు వెనక్కి జరగాలి, ఇరుకు గదుల్లో అది కష్టం. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఎఫ్ 1.8 దగ్గర పెట్టి ఎవరి కంటి మీదైనా ఫోకస్ చేసి పది ఫొటోలు తీసి చూసుకోండి. రెప్పల బదులు చెవి స్పష్టంగా వస్తుంటే ఆ లెన్స్ వద్దు.