నైరోబీ నేషనల్ మ్యూజియం: ముందు ఆ పిల్లాడిని చూడండి

మేముండేది పార్క్‌లాండ్స్‌లో. మ్యూజియం హిల్ మాకు దగ్గరే. అయినా మూడేళ్లుగా "తర్వాత చూద్దాంలే" అంటూ వాయిదా వేశాను. మా వాడి ఎనిమిదో పుట్టినరోజని మొన్న శనివారం తీసుకెళ్లాను. ఇంత ఆలస్యం చేసినందుకు నిజంగా బాధపడ్డాను.

లోపలికి వెళ్లగానే పక్షుల హాలు పిల్లల్ని లాగేస్తుంది. ఆగకండి. నేరుగా మనిషి పుట్టుక గ్యాలరీకి వెళ్లండి. అక్కడ లోపలి గదిలో పెట్టినవి నమూనాలు కావు, అసలు శిలాజాలు. తుర్కానా బాయ్ అనే పిల్లాడి ఎముకల గూడు ఉన్నది అక్కడే. సుమారు 15 లక్షల ఏళ్ల కిందటి పిల్లాడు. చనిపోయేనాటికి ఎనిమిది, తొమ్మిదేళ్లు ఉంటాయట. ఎత్తు మాత్రం 160 సెంటీమీటర్లు, నా కన్నా ఐదు ఎక్కువ. "అమ్మా, వీడు నా క్లాసువాడేనా?" అన్నాడు మా వాడు. అవునన్నాను. ఇక అక్కణ్ణుంచి కదలలేదు.

వాడికి ఆ కథంతా అక్కడే చెప్పాను. 1984 ఆగస్టు, కెన్యా ఉత్తరాన తుర్కానా సరస్సు పడమటి వైపు, నరియోకొటోమె ఏరు. శిలాజాలు వెతికే బృందానికి ఆ రోజు పనికి సెలవు. ఆ బృందంలోని కమోయా కిమెయు ఊరికే అలా నడుస్తూ, నల్లటి గులకరాళ్ల మధ్య అగ్గిపెట్టంత పుర్రె ముక్కను గుర్తుపట్టారు. రాయి రంగూ ఎముక రంగూ ఒకటే! ఆ ముక్కతో మొదలై మొత్తం 108 ఎముకలు దొరికాయి. మీ పిల్లలకు ఈ కెన్యా మనిషి పేరు తప్పకుండా చెప్పండి.

శాస్త్రవేత్త అలన్ వాకర్‌తో కలిసి ఆ బృందాన్ని నడిపించింది రిచర్డ్ లీకీ. తల్లిదండ్రులు లూయిస్, మేరీ పేరున్న శాస్త్రవేత్తలు. ఈయనకు మాత్రం డిగ్రీ లేదు. అయినా 1968లో, 24 ఏళ్లు నిండకముందే ఈ మ్యూజియం బాధ్యత తీసుకుని 1989 దాకా నడిపారు. 1967లో విమానంలోంచి తుర్కానా సరస్సు తూర్పు ఒడ్డు చూసి, ఆ నేల పొరల్లో శిలాజాలుంటాయని పసిగట్టారు. ఆ ఒడ్డునే ఉన్న కూబీ ఫోరాలో తవ్వకాలకు మూలం అదే. 1979లో కిడ్నీలు పాడైతే తమ్ముడు ఫిలిప్ తన కిడ్నీ ఇచ్చి బతికించారు. తుర్కానా బాయ్ దొరికింది ఆ తర్వాత ఐదేళ్లకు. అది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. లీకీ, కమోయా ఇద్దరూ 2022లోనే, కొన్ని నెలల తేడాతో పోయారు.

ఇక్కడ ఉంటున్నవాళ్లు రెసిడెంట్ కార్డు తీసుకెళ్లండి, టికెట్ తగ్గుతుంది. కనీసం మూడు గంటలు పెట్టుకోండి. బయట లూయిస్ లీకీ విగ్రహం, అహ్మద్ అనే పెద్ద దంతాల ఏనుగు బొమ్మ కూడా ఉన్నాయి. మేమైతే పక్షుల హాలు సగమే చూశాం. వచ్చే నెల మా అత్తయ్యగారు ఖమ్మం నుంచి వస్తున్నారు, అప్పుడు మిగతాది చూస్తాం. ఆమెకు ఆ పిల్లాడిని తనే చూపిస్తానని మా వాడు ఇప్పటికే చెప్పేశాడు.